పెద్దప్రేగు క్యాన్సరు: రోగనిరోధక కణసూచకములు, రోగగతి

పెద్దప్రేగునందును పురీషనాళమునందును పుట్టు క్యాన్సరు గడ్డలోనికిని దాని అంచులకును చేరియుండు రోగనిరోధక కణములను, వాని ఉపరితలముననో అంతర్భాగముననో ఉండు ప్రత్యేక ప్రోటీనుల ఆధారముచే గుర్తించి, లెక్కించి, ఆ లెక్కనుబట్టి రోగము తిరిగి తలయెత్తునో లేదో అంచనా కట్టు విధానము గడచిన రెండు దశాబ్దములలో వైద్యశాస్త్రమున ఒక ముఖ్యశాఖగా పెరిగినది. అట్టి ప్రోటీనులకు కణసూచకములనియు, అట్టి అంచనాకు రోగగతి నిర్ణయమనియు పేరు. క్యాన్సరులన్నిటిలో సంఖ్యచే మూడవదియు, మరణములచే రెండవదియు నగు ఈ వ్యాధి 2022వ సంవత్సరమున ప్రపంచమందు సుమారు 19 లక్షల మందిలో క్రొత్తగా కనిపింపగా, సుమారు 9 లక్షల మంది దీనివలన మరణించిరి. భారతదేశమున దీని వ్యాప్తి పాశ్చాత్య దేశములకంటె తక్కువయే యైనను, ఇచ్చట పురీషనాళమున పుట్టునవి హెచ్చుగ నుండుటయు, చిన్నవయస్సువారిలో సైతము తరచుగ కనిపించుటయు, రోగులలో పెక్కురు వ్యాధి ముదిరిన పిమ్మటనే వైద్యుని చేరుటయు విశేషముగ గమనింపదగినవి.

దశావిభజనము, దాని కొరత

లండను నగరమందలి సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో రోగనిదాన శాస్త్రజ్ఞుడుగ నుండిన కత్‌బర్ట్ డ్యూక్స్ 1932లో పురీషనాళ క్యాన్సరును మూడు తరగతులుగ విభజించెను. గడ్డ ప్రేగు గోడలోనే నిలిచియున్న యెడల ఎ తరగతి, గోడను దాటిన యెడల బి తరగతి, లింఫు గ్రంథులను చేరిన యెడల సి తరగతి. పిమ్మట ఫ్రెంచి వైద్యుడు పియర్ దెన్వా రూపొందించిన టి.ఎన్.ఎమ్. పద్ధతి గడ్డ లోతును, లింఫు గ్రంథుల స్థితిని, దూరావయవములకు వ్యాప్తిని వేరువేరుగ గణించి, నేటికిని ప్రపంచమంతటను ప్రమాణముగ నిలిచియున్నది.

ఈ విభజనములన్నియు గడ్డ ఎంతదూరము పోయినదను ఒకే ప్రశ్నకు సమాధానములు. కాని ఒకే దశలోనున్న ఇద్దరు రోగులకు ఒకే శస్త్రచికిత్స జరిగినను, ఒకనికి రోగము శాశ్వతముగ తొలగిపోవుటయు, మరియొకనికి రెండేండ్లలోనే కాలేయమున పొడచూపుటయు వైద్యులు నిత్యము చూచుచునే యున్నారు. రెండవ దశలో, అనగా గడ్డ గోడకండరమును దాటియు లింఫు గ్రంథులను చేరని స్థితిలో, గడ్డను పూర్తిగ తొలగించిన పిమ్మటను నూటికి 15 నుండి 20 మందికి రోగము మరల వచ్చును. వారెవ్వరో ముందుగ తెలిసినచో కీమో ఔషధములు వారికే ఈయవచ్చును. తక్కినవారికి వాని బాధ తప్పించవచ్చును. గడ్డ వ్యాప్తితోపాటు శరీరము దానిని ఎట్లు ఎదుర్కొన్నదో కూడ చదివినగాని ఈ ప్రశ్నకు సమాధానము దొరకదని నేటి పరిశోధన స్థాపించుచున్నది.

భావపరిణామము

జర్మను శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ విర్ఖో 1863 ప్రాంతముననే గడ్డలలో తెల్ల రక్తకణములు చేరియుండుటను గమనించి, శోథమునకును క్యాన్సరునకును గల సంబంధమును సూచించెను. 1950 దశాబ్దమున మాక్‌ఫర్లేన్ బర్నెట్, లూయిస్ థామస్ అను శాస్త్రజ్ఞులు, శరీరమందు పుట్టుచుండు దుష్టకణములను రోగనిరోధక వ్యవస్థ నిరంతరము కనిపెట్టి నశింపజేయుచుండునను సిద్ధాంతమును ప్రతిపాదించిరి. అయినను ఈ సిద్ధాంతమునకు రోగి శరీరమునుండి నిదర్శనము చూపుటకు తగిన సాధనములు చిరకాలము లేకపోయెను.

సామాన్య వర్ణద్రవ్యములచే రంగు వేసిన కణజాలమున లింఫోసైట్లు అను తెల్ల రక్తకణములన్నియు ఒకేరీతిగ, చిన్న నీలిచుక్కలవలె కనిపించును. వానిలో ఏది చంపునది, ఏది తోడ్పడునది, ఏది అణచునదియో చెప్పుట కంటికి సాధ్యముగాదు. ఆ స్థితిలోనే జె. ఆర్. జాస్ అను శాస్త్రజ్ఞుడు 1986లో పురీషనాళపు గడ్డల అంచున లింఫోసైట్లు దట్టముగ నున్న రోగులు ఎక్కువకాలము జీవించుచున్నారని నిరూపించెను. కణభేదములను విడదీయు శక్తి మాత్రము జార్జి కోలర్, సీజర్ మిల్‌స్టైన్ అనువారు 1975లో కనిపెట్టిన ఏకక్లోన ప్రతిరక్షకముల వలన లభించినది. ఎలుక కణములనుండి ఒకే రకపు ప్రతిరక్షకమును అపారముగ తయారుచేయు ఈ పద్ధతికై వారు 1984లో నీల్స్ యెర్నెతో కలిసి నోబెల్ బహుమానము నందిరి. వివిధ ప్రయోగశాలలు తమకు తోచిన పేర్లతో పిలుచుచుండిన కణప్రోటీనులకు 1982లో పారిస్ నగరమున జరిగిన అంతర్జాతీయ సమావేశము సి.డి. అను అక్షరములతోడి క్రమసంఖ్యలను నిర్ణయించెను.

ఈ సాధనములతో జపాను పరిశోధకులు 1998లో, గడ్డ కణముల గుంపులలోనికే చొచ్చుకొనిపోయిన సి.డి.8 కణములు, అనగా దుష్టకణములను చంపు లింఫోసైట్లు, రోగి జీవితమును పొడిగించుచున్నవని చూపిరి. పారిస్ నగరమున ఫ్రాంక్ పాజెస్, జెరోమ్ గాలోన్, వుల్ఫ్ హెర్మన్ ఫ్రిడ్మన్ ప్రభృతులు 959 మంది రోగుల గడ్డలను పరిశీలించి, లింఫోసైట్లలో ఒక తెగయగు టి-కణములలో జ్ఞాపకశక్తిగలవి అధికముగనున్న చోట రక్తనాళములలోనికిని నాడులలోనికిని గడ్డ చొరబడిన చిహ్నములు తక్కువగ నున్నవని 2005లో ప్రకటించిరి. మరుసటి యేట గాలోన్ బృందము రోగనిరోధక కణముల జాతి, సాంద్రత, స్థానము అను మూడింటిని కలిపి చూచినచో అవి దశావిభజనమును మించి రోగగతిని తెలుపగలవని ప్రకటించుటతో ఈ శాఖకు గట్టి పునాది పడినది.

ముఖ్య సూచకములు

టి-కణములన్నింటికిని సామాన్యమగు గుర్తు సి.డి.3. థైమస్ గ్రంథియందు పరిపక్వమగు ఈ కణములలో రెండు ప్రధాన శాఖలు కలవు. సి.డి.8 ధరించినవి దుష్టకణములను స్వయముగ చంపునవి. ఇవి తమలోని గ్రాంజైమ్-బి అను ద్రవ్యమును శత్రుకణములోనికి పంపి దానిని నశింపజేయును. సి.డి.4 ధరించినవి ఇతర కణములకు తోడ్పడునవి. వీనిలో గామా ఇంటర్‌ఫెరాన్ ఉత్పత్తిచేయు మొదటి తెగ గడ్డలో ప్రబలముగ నున్నచో రోగగతి శుభముగను, ఇంటర్‌ల్యూకిన్-17 ఉత్పత్తిచేయు తెగ ప్రబలముగ నున్నచో అశుభముగను ఉండుట పారిస్ పరిశోధనలలో కనిపించినది. సి.డి.45ఆర్.ఓ. అనునది జ్ఞాపక కణముల గుర్తు. పూర్వము ఒకసారి శత్రువును చూచిన ఈ కణములు మరల అట్టిదే యెదురైనచో శీఘ్రముగ మేల్కొనును గనుక, శస్త్రచికిత్స తరువాత శరీరమున దాగియున్న ఒకటి రెండు దుష్టకణములనైనను అణచగలవని భావింపబడుచున్నది.

ఫాక్స్‌పి3 అను ప్రోటీను రోగనిరోధక చర్యను అణచి యుంచు నియంత్రక కణముల గుర్తు. ఇతర క్యాన్సరులు పెక్కింటిలో ఈ కణముల సంఖ్య పెరుగుట చెడుసూచనయే. పెద్దప్రేగునందు మాత్రము ఇవి హెచ్చుగనున్న రోగులే మేలుగ నుండుట పలు పరిశీలనములలో తేలినది. అసంఖ్యాకములగు సూక్ష్మజీవులకు నిలయమైన ప్రేగులో, వానివలన కలుగు శోథమే గడ్డకు పోషకము గావచ్చును గనుక, ఆ శోథమును అణచు కణము ఇచ్చట రోగికి మిత్రమగుచున్నదని దీనికి వివరణము. ఒక అవయవమున నిర్ణయించిన సూత్రమును మరియొక అవయవమునకు అట్లే అన్వయింపరాదనుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము అరుదు.

సి.డి.20 బి-కణముల గుర్తు. గడ్డ అంచున బి-కణములును టి-కణములును గుంపులుగూడి లింఫు గ్రంథిని పోలిన చిన్న నిర్మాణములుగ ఏర్పడుటను 1990లోనే పరిశోధకులగు గ్రాహం, అపెల్‌మన్ వర్ణించిరి. ఇది సామాన్యముగ శుభసూచకము. సి.డి.68 భక్షక కణములకును, సి.డి.163 వానిలో మరమ్మతు స్వభావముగల తెగకును, సి.డి.56 సహజహంతక కణములకును గుర్తులు. రోగగతి విషయమున వీని సాక్ష్యము టి-కణముల సాక్ష్యమంత ఏకగ్రీవముగ లేదు. పి.డి.-1, పి.డి.-ఎల్1 అను జంట ప్రోటీనులు టి-కణమునకు కళ్లెము వంటివి. దుష్టకణము రెండవదానిని ధరించి మొదటిదానిని తాకినచో, టి-కణము చంపుటకు వచ్చియు నిశ్చేష్టమై నిలిచిపోవును. దుష్టకణము తనను పట్టియిచ్చు హెచ్.ఎల్.ఎ. ప్రోటీనులను పోగొట్టుకొని టి-కణముల కంటబడకుండ తప్పించుకొనుటయు కలదు.

స్థానప్రాధాన్యము, ఇమ్యూనోస్కోరు

చెరువు గట్టు బలము నీరు ఒరయు చోటనే తెలియునని మన కొల్లేటి సరస్సు ప్రాంతపు రైతు లెరిగినట్లు, గడ్డ ఆరోగ్యకణజాలమును తాకు అంచుననే శరీరముయొక్క ప్రతిఘటన స్పష్టముగ చదువనగును. అందుచేతనే గాలోన్ బృందము గడ్డ కేంద్రము, గడ్డ అంచు అను రెండు ప్రాంతములలో సి.డి.3, సి.డి.8 అను రెండు సూచకములను లెక్కించి ఇమ్యూనోస్కోరు అను పద్ధతిని రూపొందించినది. గాజుపలక చిత్రమును కంప్యూటరులోనికెక్కించి, చదరపు మిల్లీమీటరునకు ఎన్ని కణములున్నవో యంత్రముచే లెక్కించి, ఆ నాలుగు సంఖ్యలను ప్రమాణరోగుల సంఖ్యలతో పోల్చి సగటు కట్టుదురు. సగటు 25 శాతమునకు లోబడినచో అల్పము, 25 నుండి 70 వరకు మధ్యమము, 70 దాటినచో అధికము.

ఈ పద్ధతి 13 దేశములలోని 14 కేంద్రముల సహకారముతో, 2,681 మంది రోగులపై పరీక్షింపబడి, ఆ ఫలితములు 2018లో ది లాన్సెట్ పత్రికయందు ప్రకటింపబడినవి. భారతదేశమునుండి అహమ్మదాబాదులోని గుజరాత్ క్యాన్సరు పరిశోధనాలయము ఇందు పాల్గొనినది. మొదటి రోగివర్గమున అయిదేండ్లలో రోగము తిరిగివచ్చినవారు అధిక స్కోరు గలవారిలో నూటికి 8, మధ్యమ స్కోరు గలవారిలో 19, అల్ప స్కోరు గలవారిలో 32. రోగి వయస్సు, గడ్డ లోతు, లింఫు గ్రంథుల స్థితి మున్నగువానిని సరిచూచుకొనిన పిమ్మటను ఈ భేదము నిలిచినది. మూడవ దశలో, అనగా గడ్డ లింఫు గ్రంథులను చేరిన స్థితిలో నున్న రోగులలో ఆరునెలల కీమో చికిత్స మూడునెలల చికిత్సకంటె అధిక, మధ్యమ స్కోరులు గలవారికే ఎక్కువ మేలు చేసినట్లు ఫ్రాన్సు దేశపు పరిశీలన మరియొకటి 2020లో చూపినది.

జన్యు మరమ్మతు లోపము

కొన్ని గడ్డలలోనికి టి-కణములు వెల్లువగ వచ్చి, కొన్నింటిని చూడక విడుచుటకు గల కారణములలో ప్రధానమైనది జన్యువుల మరమ్మతు వ్యవస్థ. కణము విభజన చెందునపుడు డి.ఎన్.ఎ. నకలులో దొరలు తప్పులను ఎమ్.ఎల్.హెచ్.1, ఎమ్.ఎస్.హెచ్.2, ఎమ్.ఎస్.హెచ్.6, పి.ఎమ్.ఎస్.2 అను నాలుగు ప్రోటీనులు దిద్దుచుండును. వీనిలో ఏదేని లోపించినచో తప్పులు వేలసంఖ్యలో పేరుకొని, కణము వికృత ప్రోటీనులను తయారుచేయగా, అవి పరాయివిగా తోచి టి-కణములను ఆకర్షించును. పెద్దప్రేగు క్యాన్సరులలో సుమారు 15 శాతము ఇట్టివి. దూరావయవములకు ప్రాకిన వానిలో మాత్రము 5 శాతము లోపే యుండుట, ఇట్టి గడ్డలను శరీరము తొలిదశలలో నిలువరింపగలుగుచున్నదనుటకు నిదర్శనము. వంశపారంపర్యముగ ఈ లోపము కలుగుటకు లించ్ సిండ్రోము అని పేరు. ఒక రోగిలో దీనిని గుర్తించుట వాని తోబుట్టువులను, బిడ్డలను కూడ కాపాడుటకు మార్గమగును.

రెండవ దశలో ఈ లోపముగల రోగుల గతి సామాన్యముగ మంచిది. వారికి 5-ఫ్లోరోయురాసిల్ అను కీమో ఔషధము ఒక్కటియే ఇచ్చినందువలన ప్రయోజనము కనిపింపలేదు. ముదిరిన దశలో మాత్రము ఈ లోపమే చికిత్సకు ద్వారమైనది. పి.డి.-1 కళ్లెమును విప్పు పెంబ్రోలిజుమాబ్ అను ప్రతిరక్షకమును అమెరికా ప్రభుత్వము 2017 మే నెలలో, గడ్డ ఏ అవయవమునందున్నను ఈ లోపము గలదైనచో వాడుటకు అనుమతించినది. 307 మంది రోగులపై జరిగి 2020లో వెలువడిన పరీక్షలో, వ్యాధి పెరుగకుండ నిలిచిన మధ్యస్థకాలము కీమోతో 8.2 నెలలు కాగా, ఈ ఔషధముతో 16.5 నెలలు. న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ కేంద్రమున ఇట్టి పురీషనాళ క్యాన్సరు గల మొదటి 12 మంది రోగులకు అట్టిదే యగు డోస్టార్లిమాబ్ అను ప్రతిరక్షకమును ఈయగా, శస్త్రచికిత్సయు, జనులు కరెంటు పెట్టుట అని చెప్పుకొను వికిరణ చికిత్సయు లేకయే అందరి గడ్డలును కరగిపోయినట్లు 2022లో ప్రకటింపబడెను. ఈ ఔషధములకు మూలమైన పరిశోధనలకు జేమ్స్ ఆలిసన్, తాసుకు హోంజో అనువారికి 2018లో నోబెల్ బహుమానము లభించినది.

తెలుగువారి కృషి

ఈ వ్యాధి విజ్ఞానమున తెలుగువారి భాగము గణనీయమైనది. కాకినాడలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివి, హార్వర్డు వైద్యవిద్యాలయమున ఆచార్యులైన కూచెర్లపాటి రాజుగారు, 276 పెద్దప్రేగు, పురీషనాళ గడ్డల జన్యుస్వరూపమును సమగ్రముగ వర్ణించి 2012లో నేచర్ పత్రికయందు వెలువడిన మహాపరిశోధనకు నాయకులలో ఒకరు. గడ్డలలో 16 శాతము జన్యుదోషములచే క్రిక్కిరిసియున్నవనియు, వానిలో నాలుగింట మూడువంతులు పైన చెప్పిన మరమ్మతు లోపము గలవనియు అందు తేలినది. వ్యాధి పరీక్షకు వాడు ఎలుక ప్రతిరక్షకములను ఔషధముగ ఇచ్చినచో మానవశరీరము వానిని పరాయివిగ నెంచి తిరస్కరించును. ఈ చిక్కును తీర్చుటకై మానవ ప్రతిరక్షక జన్యువులను ధరించిన ఎలుకలను సృష్టించిన కృషిలోను ఆయన ముఖ్యభాగము వహించిరి. అట్టి ఎలుకలనుండి లభించిన పానిటుముమాబ్ అను ఔషధము 2006లో పెద్దప్రేగు క్యాన్సరునకే అమెరికాలో అనుమతి పొందినది.

ఇంకను వెనుకకు పోయినచో, కొల్లేటికి దూరముగాని భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు స్మరణకు వచ్చుదురు. అమెరికాలోని లెడర్లె ప్రయోగశాలలలో ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము సంశ్లేషింపబడుటయు, దాని విరోధియగు అమినోప్టెరిన్‌తో అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో శిశువుల రక్తక్యాన్సరును తాత్కాలికముగనైనను లొంగదీయుటయు సుప్రసిద్ధములు. నేడు పెద్దప్రేగు క్యాన్సరు రోగికి 5-ఫ్లోరోయురాసిల్ శక్తిని పెంచుటకై ఇచ్చు ల్యూకోవోరిన్ ఆ ఫోలిక్ ఆమ్లపు రూపాంతరమే. హైదరాబాదులోని సెంటర్ ఫర్ డి.ఎన్.ఎ. ఫింగర్ ప్రింటింగ్ అండ్ డయాగ్నోస్టిక్స్ (సి.డి.ఎఫ్.డి.) సంస్థ శాస్త్రజ్ఞులు భారతీయ యువరోగుల పురీషనాళ గడ్డలను పరిశీలించి, పాశ్చాత్య గ్రంథములలో ప్రధానముగ చెప్పబడు వింట్ అను సంకేతమార్గము వానిలో పెక్కింటియందు ప్రబలముగ లేదని చూపిరి. మన రోగుల గడ్డలను మనమే చదువవలసిన ఆవశ్యకతను ఇది స్పష్టముచేయుచున్నది.

పరీక్షా విధానము, మన ప్రాంతపు స్థితి

మన ప్రాంతమగు ఏలూరు జిల్లా మండవల్లి మండలపు రోగి కైకలూరులోనో, గుడివాడలోనో తొలి వైద్యుని చూచి, ఏలూరునకో విజయవాడకో చేరుట పరిపాటి. ఏలూరున ఆశ్రం వైద్యకళాశాలయు, 2023లో తెరువబడిన ప్రభుత్వ వైద్యకళాశాలయు కలవు; ప్రత్యేక చికిత్సకు హైదరాబాదులో 1955లో వెలసిన ఎమ్.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి, 2000లో వెలసిన బసవతారకం ఆసుపత్రి, విశాఖపట్టణమున హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి ఉన్నవి. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము పేదలకు క్యాన్సరు శస్త్రచికిత్సను, కీమోను, వికిరణ చికిత్సను అందుబాటులోనికి తెచ్చినది. అయినను మలముతో రక్తము పడుటను మొలలుగ నెంచి నెలలతరబడి నాటుమందులు వాడి, ప్రేగు మూసుకొనిన పిమ్మటనే ఆసుపత్రి చేరువారు పల్లెలలో నేటికిని పెక్కురు.

సూచకముల పరీక్ష సర్వము కణజాలము భద్రపరచు తీరుపై ఆధారపడియున్నది. తొలగించిన ప్రేగును వెంటనే తెరచి, దానికి అనేకరెట్లు పరిమాణముగల, ఆమ్లత్వము సరిచేసిన 10 శాతపు ఫార్మలిన్‌లో ముంచవలెను. ఉప్పునీటిలోనో, చాలీచాలని ఫార్మలిన్‌లోనో పడిన ముక్క లోపల కుళ్లిపోయి, ప్రోటీనులు నశించి, ఎంత విలువైన ప్రతిరక్షకమునకును రంగు పట్టదు. తరువాత దానిని పారఫిన్ మైనపు దిమ్మగ, అనగా ఆసుపత్రులలో బ్లాకు అని పిలుచు రూపమునకు తెచ్చి, మిల్లీమీటరులో వేయింట నాలుగు వంతుల మందముగ కోసి, వేడిచే ప్రోటీనులను వెలికిదెచ్చి, ప్రతిరక్షకమును చేర్చి, ఎంజైము చర్యచే గోధుమవర్ణము పుట్టింతురు. లింఫు గ్రంథులను కనీసము 12 వెదకి పరీక్షింపనిదే దశానిర్ణయము కూడ నమ్మదగినది కాదు.

కంప్యూటరు లెక్కింపు ఖర్చుతో కూడినది. కాని గడ్డ అంచున లింఫోసైట్ల సాంద్రతను సామాన్య వర్ణములతో, సామాన్య సూక్ష్మదర్శినితో 0 నుండి 3 వరకు శ్రేణులుగ నిర్ణయించు క్లిన్‌ట్రుప్–మాకినెన్ పద్ధతి ఫిన్లాండునుండి 2005లో వెలువడి, పలుచోట్ల రోగగతికి అనుగుణముగ నున్నట్లు తేలినది. దీనిని ఏ జిల్లా కేంద్రమునందైనను నేడే ఆరంభింపవచ్చును. మరమ్మతు ప్రోటీనుల నాలుగు ప్రతిరక్షకముల పరీక్ష దీనికి తోడైనచో చికిత్సానిర్ణయమునకు వలసిన ముఖ్యసమాచారము చాలవరకు సమకూడును.

పరిమితులు

ఒకే గడ్డలో ఒకచోట కణములు దట్టముగను, వేరొకచోట పలుచగను ఉండుటచే చిన్న ముక్క పరీక్ష సర్వమును చెప్పజాలదు. పురీషనాళ రోగులకు శస్త్రచికిత్సకు ముందు ఇచ్చు వికిరణము కణసంఖ్యలను మార్చివేయును. ఫ్యూసోబాక్టీరియము న్యూక్లియేటమ్ వంటి ప్రేగు సూక్ష్మజీవులు అధికముగనున్న గడ్డలలో టి-కణములు తక్కువగ నుండుట గమనింపబడినది. రక్తపరీక్షలో న్యూట్రోఫిల్, లింఫోసైట్ల నిష్పత్తిని రోగగతికి సూచనగ వాడుట చౌకయైన మార్గమే యైనను, జ్వరములు, క్రిములు సామాన్యమైన మన ప్రాంతములలో దానిని జాగ్రత్తగ అర్థము చేసికొనవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, స్కోరు ఒక సమూహపు సంభావ్యతను తెలుపునే గాని ఒక మనుష్యుని విధిని శాసింపదు. అల్పస్కోరు గల రోగియు పూర్తిగ స్వస్థుడు గావచ్చును. దశావిభజనమును ఇది త్రోసిపుచ్చదు, దానికి పూరకమగును.

రోగనిరోధక కణములలో టి-కణముల సాక్ష్యము నేడు చాలవరకు స్థిరపడినది. దానిని రోగికి ఉపకరింపజేయుట మాత్రము ఆసుపత్రుల శ్రద్ధపైనను, ప్రజల మెలకువపైనను ఆధారపడియున్నది. శస్త్రవైద్యులు కణజాలమును సక్రమముగ భద్రపరచవలెను. రోగనిదాన వైద్యులు గడ్డ అంచుననున్న లింఫోసైట్ల స్థితిని, మరమ్మతు ప్రోటీనుల స్థితిని తమ నివేదికలలో తప్పక వ్రాయవలెను. పాఠకులు మలమున రక్తము, విరేచనపు అలవాటులో మార్పు, కారణము తెలియని రక్తహీనత కొన్ని వారములు నిలిచినచో మొలలని సరిపెట్టుకొనక పరీక్ష చేయించుకొనవలెను. చేయించుకొనినవారు నివేదికను, బ్లాకును, గాజుపలకలను భద్రముగ దాచుకొనవలెను.